రత్నానికి రెండిళ్ళు

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు ముందుగా అలవాటు చేసుకోవలసింది, మరీ బుద్ధిగా ఉన్న పిల్లను చూసి భయపడటం. అన్నం విసిరికొట్టే పిల్ల గురించి, "మా అమ్మ ఏది?" అని గొంతు చించుకునే పిల్ల గురించి నేనెప్పుడూ మరీ బెంగపెట్టుకోలేదు. వాళ్ళకు ఫలానా ఒక మనిషి కావాలి, ఆ మనిషి లేదని వాళ్ళకు కోపం. ఎవరు పిలిచినా నవ్వుతూ వచ్చి ఒళ్ళో కూర్చునే పిల్లను చూస్తేనే నాకు నిద్ర పట్టేది కాదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో పిల్లల సంక్షేమం చూసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి హార్బరులో గుమాస్తాగా చేరాడు. నేను పుట్టింది హాడో క్వార్టర్స్‌లో. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ. ఈ మూడు భాషలు రావడం తప్ప నాకు వేరే అర్హత ఏమీ లేదని మా మొదటి సాబ్ అనేవారు. నా ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను, రాయదగ్గవేమీ లేవు. సునామీ తర్వాత మా చేతికి వచ్చిన పిల్లల్లో ఒక పిల్ల కథ చెబుతాను. నాకు తెలిసిన పనంతా దాదాపు అందులోనే ఉంది.

దానికి ముందు ఒక్క మాట. ఫాస్టర్ కేర్ అంటే దత్తత కాదు. కన్నవాళ్ళు లేకనో, ఉండీ పెంచలేకనో మిగిలిపోయిన బిడ్డను కొంతకాలం ఒక కుటుంబంలో ఉంచడం. ఆ ఇంటివాళ్ళు సొంత బిడ్డలాగే పెంచాలి, రేపు అసలువాళ్ళు వస్తే అప్పగించాలి. "ప్రేమగా చూసుకోండి, కానీ మీది అనుకోకండి" అని మేం వాళ్ళకు చెప్పాలి. తెలివున్నవాళ్ళు ఎవరైనా ఒప్పుకునే బేరమేనా ఇది? అయినా ఒప్పుకునేవాళ్ళు దొరికారు. వాళ్ళలో ఒకామె పేరు బంగారమ్మ.

ఏడవని పిల్ల

అల వచ్చిన కొన్నాళ్ళకు, దక్షిణాన ఉన్న హట్ బే రేవు నుంచి వచ్చిన ఓడలో రత్నం దిగింది. అప్పటికి దానికి ఐదేళ్ళుంటాయేమో. హట్ బేలో చేపలు పట్టుకునే మన తెలుగువాళ్ళ పాకల వరస ఒకటి మొత్తం కొట్టుకుపోయింది. రత్నాన్ని ఎవరో చంకనేసుకుని కొండెక్కారు, తర్వాత ఇంకెవరో ఓడెక్కించారు. తన పేరూ, వాళ్ళమ్మ పేరు చిలకమ్మ అనీ మాత్రం చెప్పగలిగింది. ఆ వరసలో ఉండి అదే ఓడలో వచ్చిన మనుషుల్ని అడిగితే, "తల్లి పోయింది, తండ్రి తాతారావు ఆ పొద్దున చేపల వేటకి పోయినోడు మళ్ళీ రాలేదు" అన్నారు.

ఇళ్ళు పోయినవాళ్ళ కోసం బడిలో పెట్టిన క్యాంపుకు వెళ్ళినప్పుడల్లా రత్నమే ముందు ఎదురొచ్చేది. చెయ్యి పట్టుకునేది. "అమ్మా, నన్నెత్తుకో" అనేది. నన్నే కాదు, వంట చేసే మనిషినీ, టీకాలు వేసే నర్సునీ, ఫోటోలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళనీ అందరినీ అమ్మా అనే పిలిచేది. పడితే ఏడ్చేది కాదు. మోకాలు దోక్కుపోయి నెత్తురు కారుతున్నా దులుపుకుని ఆడుకునేది. "ఎంత మంచి పిల్లో!" అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, మొదట్లో.

అప్పుడు మా డైరెక్టరు దాస్ బాబు. నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది. నేను కాగితాలు పట్టుకుని గదిలోకి వెళ్తే వాటిని పక్కన పెట్టించి, "రిపోర్టు బాద్ మే. ముందు పిల్ల ఏం తిందో, ఎవరి పక్కన పడుకుందో చెప్పు" అనేవారు. ఇన్నేళ్ళలో నేను చూసిన పై అధికారుల్లో ఆ రెండు ప్రశ్నలూ అడిగింది ఆయనొక్కరే. పిల్లల్ని హాస్టళ్ళలో గుంపులుగా పెట్టే ఆలోచన వచ్చినప్పుడు, కుటుంబాలు వెతకమని పట్టుబట్టింది కూడా ఆయనే.

తుష్నాబాద్‌లో

బంగారమ్మ, ఆమె భర్త సింహాద్రి తుష్నాబాద్ అనే పల్లెలో ఉండేవారు. సింహాద్రి రోజూ బస్సులో హాడోకి వచ్చి వార్ఫు మీద సరుకు దించే పని చేసేవాడు. మాట తక్కువ మనిషి. బంగారమ్మ ఇంటి వెనక బెండ, కాకర పండించేది, కోళ్ళను పెంచేది, ఊళ్ళో అందరితోనూ పోట్లాడేది, అందరికీ కూర పంపించేది. కొడుకులిద్దరూ పెద్దవాళ్ళై ఓడల్లో పనికి వెళ్ళిపోయారు. క్యాంపులో పిల్లలున్నారని విని తనే మా ఆఫీసుకు వచ్చింది.

"దీదీ, నాకో గుంటనియ్యి. ఇంట్లో అరవడానికి మనిసి లేక నోరు సచ్చిపోతంది" అంది. చిన్నపిల్లను గుంట అనడం మా వైపు ముద్దే.

ఆ మాట విని మా వాళ్ళు కొందరు ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఆవిడ నచ్చింది. మృదువుగా మాట్లాడేవాళ్ళను ఆ వారంలో చాలామందినే చూశాను, వాళ్ళలో సగం మందికి ఇంటి పనికి పిల్ల కావాలి.

రత్నం మొదటి రోజే బంగారమ్మ మెడ పట్టుకుని "అమ్మా" అంది. బంగారమ్మ మురిసిపోలేదు. దాన్ని ఇంటి ముందు గట్టు మీద కూర్చోబెట్టి, "సూడు, నీకు అమ్మ ఉన్నాది. చిలకమ్మ. నాను నీకు పెద్దమ్మని. ఆ పేరు ఆవిడదే, నాను తీసుకోను" అంది. నేను పక్కనే ఉన్నాను. మాకిచ్చిన శిక్షణలో ఈ మాట ఇంత సూటిగా ఎక్కడా లేదు. చనిపోయిన తల్లి స్థానాన్ని ఖాళీ చేయించి అందులో కూర్చోవాలని చూసే పెంపుడు తల్లులు చాలామంది ఉంటారు. అది పిల్లకు లోపల గొడవ పెడుతుంది, కొత్త మనిషిని ఇష్టపడితే పాత మనిషికి ద్రోహం చేసినట్టుంటుంది దానికి. పెద్దమ్మకు ఆ గొడవ లేదు, ఎంత ఇష్టపడ్డా తప్పులేదు.

అంతా బాగుందనుకున్నాం. తర్వాత ఊళ్ళో పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర రత్నం ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి మారుతూ, చివరికి ఎవరో చుట్టాలావిడ చెయ్యి పట్టుకుని వాళ్ళ జీపెక్కేసింది. "మా ఇంటికొస్తావా?" అని ఆవిడ సరదాకి అడిగిందట, ఇది "వస్తాను" అందట. జీపు కదలబోతుంటే సింహాద్రి చూసి దింపాడు. ఈ కబురు ఆఫీసుకు చేరేసరికి, "ఆ ఇంట్లో పిల్లను సరిగ్గా చూడటం లేదు, వేరేచోట పెడదాం" అన్నారు ఒకరిద్దరు.

బంగారమ్మ పరుగున వచ్చింది. ఆ రోజు మాత్రం అరవలేదు. "నా దగ్గర ఏటి తక్కువైనాది దీదీ, దానికి? ఎవులు పిలిస్తే ఆల్లతో ఎల్లిపోద్దా?" అంది.

చాక్లెట్లు బంద్

అదృష్టం కొద్దీ అదే రోజుల్లో సునామీ పిల్లలతో పనిచేసేవాళ్ళకు పాఠాలు చెప్పడానికి మెయిన్‌ల్యాండ్ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పిల్లల మనసులు చూసే డాక్టరు. రత్నం సంగతి చెప్పి, ఆ ఇంటి నుంచి మార్చాలా అని అడిగాను.

"మార్చారంటే ఆ పిల్ల నమ్మకం నిజమైనట్టే. పెద్దవాళ్ళు అంటే వస్తూ పోతూ ఉంటారు, ఎవరైనా ఒకటే అని కదా అది నేర్చుకుంది. దానికి ఒక మనిషి కావాలి. ఆకలేస్తే ఆ మనిషే, దెబ్బ తగిలితే ఆ మనిషే. కొన్నాళ్ళు మిగతావాళ్ళందరూ వెనక్కి తగ్గండి" అందావిడ.

మిగతావాళ్ళు అంటే మేమే. మాలో వారానికొకరం చాక్లెట్లు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఎత్తుకునేవాళ్ళం, ముద్దు చేసేవాళ్ళం, సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళం. దాస్ బాబుతో చెబితే ఒక్క నిమిషం పాన్ నమిలి, "ఐతే నువ్వొక్కదానివే వెళ్ళు. చాక్లెట్ బంద్" అన్నారు.

తుష్నాబాద్ వెళ్ళి బంగారమ్మకు వివరించాను. కొన్నాళ్ళు రత్నానికి అన్నం పెట్టడం, నీళ్ళు పొయ్యడం, ఊరుకోబెట్టడం అన్నీ నువ్వే చెయ్యాలి, ఇరుగుపొరుగు ఎత్తుకోకూడదు అని. బంగారమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"పిల్లంటే ఊరందరూ ఎత్తుకుంటారు దీదీ. వద్దంటే రేపు నాను సచ్చినా ఎవులూ గుమ్మం తొక్కరు!"

"డాక్టరమ్మ చెప్పింది."

"ఆవిడది ఏ ఊరు? ఆ ఊళ్ళో మనుసుల్లేరా?"

గంటసేపు వాదించుకున్నాం. చివరికి ఒప్పుకుంది, కానీ తన పద్ధతిలో చేసింది. కుళాయి దగ్గర నిలబడి ఊరందరికీ చాటింది: "మా గుంటకి పెద్ద డాక్టరు మందు రాసినాది. నాను తప్ప ఎవులు ముట్టుకున్నా మందు పని సెయ్యదు. దాని మీద సెయ్యేసినోల్ల సెయ్యి ఇరిసేత్తాను." ఊరు నమ్మింది. డాక్టరన్న మాటకు మన దగ్గర అంత విలువ. కొందరైతే నన్ను దారిలో ఆపి, మందు పేరేమిటని కూడా అడిగారు.

నాకు మాత్రం కష్టంగానే ఉండేది. రత్నం పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు చాస్తే, ఎత్తుకోకుండా, "పెద్దమ్మను అడుగు" అనాలి. ముద్దొచ్చే పిల్లను ఎత్తుకోకుండా ఉండటం ఇంత కష్టమని నాకు ముందు తెలియదు. మన మనసుకు హాయిగా ఉండే పనీ, పిల్లకు మంచి చేసే పనీ చాలాసార్లు ఒకటి కావు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు ఆఫీసుకు సింహాద్రి ఫోను చేశాడు. ఆ మనిషి ఫోను చెయ్యడమే అబ్బురం.

"దీదీ, గుంటకేటో అయిపోనాది. రోడ్డు మీద బురదలో పడి దొర్లేత్తంది. ఏడుపు ఆపట్లేదు."

"దెబ్బ తగిలిందా? జ్వరమా?"

"కాదు. బంగారమ్మ పన్ను పీకించుకోడానికి బ్లెయిర్ బస్సెక్కినాది. అప్పట్నించీ."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఏడుస్తోందా? బంగారమ్మ కోసమేనా? నువ్వు వేరే ఏదైనా ఇస్తానంటే ఊరుకుందా?"

"బిస్కత్తు ఇత్తే నా మొహం మీద ఇసిరీసింది."

వరండాలోకి పరిగెత్తి దాస్ బాబుకు చెప్పాను. ఆయన అయోమయంగా చూశారు. "బచ్చీ రో రహీ హై, ఔర్ తుమ్ హస్ రహీ హో?" పిల్ల ఏడుస్తుంటే నవ్వుతావేమిటని. అప్పుడు చెప్పాను, ఈ పిల్ల ఓడ దిగిన రోజు నుంచి ఒక మనిషి కోసం ఏడవడం ఇదే మొదటిసారి అని. ఆయన వెంటనే ప్యూనును పిలిచి సెక్షను మొత్తానికి చాయ్, సమోసాలు తెప్పించారు.

సాయంత్రం బంగారమ్మ బుగ్గ వాచిపోయి ఇల్లు చేరితే రత్నం ఆమె వంక చూడలేదట. పిలిస్తే పలకలేదట. దగ్గరికి తీసుకోబోతే చేతి మీద కసుక్కున కొరికి, ఆ తర్వాత ఆ చేతిని పట్టుకునే నిద్రపోయిందట. మర్నాడు బంగారమ్మ నాకు పంటి గాటు చూపించింది.

"నాను పన్ను పీకించుకుని వత్తే, ఇది పళ్ళు దించినాది. ఇదేటి ప్రేమ దీదీ?"

"ఇదే ప్రేమ బంగారమ్మా. ఎందుకు వెళ్ళావని అడుగుతోంది."

"నోటితో అడగొచ్చు కదా!" అంది. కానీ ఆ గాటును ఆ రోజు చుట్టుపక్కల వాళ్ళందరికీ చూపించుకుంది, గాజులు చూపించినట్టు.

రంగత్ నుంచి వచ్చిన మనిషి

రెండేళ్ళు దాటాక ఒకనాడు సింహాద్రి రత్నాన్ని ఓడ చూపిస్తానని హాడో తీసుకెళ్ళాడు. అక్కడ హట్ బే నుంచి వచ్చేసి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న ఒకావిడ పిల్లను గుర్తుపట్టింది. "నువ్వు చిలకమ్మ కూతురివి కదూ? మరి మీ నాన్న రంగత్‌లో ఉన్నాడు కదా!" అంది.

నిజమే. తాతారావు బతికే ఉన్నాడు. అల వచ్చిన పొద్దున అతను నడిసముద్రంలో ఉన్నాడు, అక్కడ పడవ కింద నుంచి ఏదో పెద్ద ఊపు వెళ్ళినట్టు అనిపించిందంతే. తిరిగొస్తుంటే ప్రవాహంలో పడి రెండు రోజులు కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డు చేరి, హట్ బే తిరిగొచ్చేసరికి పాకల వరస లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారని అక్కడ మిగిలినవాళ్ళు చెప్పారు. అక్కడ ఉండలేక ఉత్తరాన ఉన్న రంగత్ వెళ్ళిపోయి, ఎవరి బోటు మీదో కూలికి చేరాడు.

కబురు అందగానే మొదటి బస్సుకు వచ్చేశాడు. సన్నగా, ఎండకు మాడిపోయి, చేతిలో ప్లాస్టిక్ సంచితో మా వరండాలో నిలబడ్డాడు. అప్పటికి దాస్ బాబు బదిలీ అయ్యారు. కొత్త సాబ్ రోడ్ల శాఖ నుంచి వచ్చారు, పని మొదలైతే పూర్తి కావాలన్నదే ఆయన సిద్ధాంతం. "బాప్ మిల్ గయా. బహుత్ అచ్ఛా. రేపు అప్పగించి ఫైల్ మూసెయ్" అన్నారు.

ఆయన చెడ్డవారేమీ కాదు. తండ్రి దొరికాడని నిజంగానే సంతోషించారు. "సార్, ఈ పిల్ల ఒకసారి ఒక్క పూటలో ఇల్లూ మనుషులూ అన్నీ పోగొట్టుకుంది. ఇప్పుడు మనం కూడా ఒక్క పూటలోనే చేద్దామా?" అన్నాను. ఆయన పెన్ను తిప్పుతూ కూర్చుని, "పిల్లల సంక్షేమ కమిటీని టైమ్ అడుగు. కానీ తండ్రికి నువ్వే నచ్చజెప్పుకో" అన్నారు.

అతనికి నచ్చజెప్పడం అంత తేలిక కాలేదు.

"నా కూతుర్ని నాకు ఇవ్వడానికి మీరెవులు?" అన్నాడు తాతారావు. ఆ కోపం న్యాయమైనదే.

"నీ కూతురే. నేనెవర్నీ కాదు. ఒక్కటి చెప్పు. నువ్వు బోటు మీదకెళ్తే అది ఎవరి దగ్గర ఉంటుంది? నిన్ను చూసి భయపడితే ఏం చేస్తావు?"

"నన్ను సూసి బయపడ్డమేటి? సూడగానే గుర్తుపట్టేస్తాది."

సినిమాల్లో అలాగే జరుగుతుంది. తుష్నాబాద్‌లో అలా జరగలేదు. రత్నం అతన్ని చూసి బంగారమ్మ చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. తాతారావు సంచిలోంచి ఒక గౌను తీశాడు. ఎర్ర పువ్వుల గౌను, కొత్తది. దాన్ని చూసిన వెంటనే అందరికీ అర్థమైంది. అది ఐదేళ్ళ పిల్లకు కొన్న గౌను. ఎదురుగా నిలబడ్డ పిల్ల దాదాపు ఎనిమిదేళ్ళది. అతని మనసులో కూతురు ఆ పొద్దున ఎంత ఉందో అంతే ఉండిపోయింది. గౌను పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది, వెనక్కి తీసుకోలేడు, ముందుకు చాపలేడు.

బంగారమ్మ వెళ్ళి గౌను అందుకుంది. పిల్ల భుజాలకు ఆనించి చూసింది. "గుడ్డ మంచిది. కుట్లు ఇప్పి కింద కుచ్చుల జాలరేసి కుడితే పండక్కి సరిపోద్ది. నువ్వు కూకో తమ్ముడా, ఎండన పడి వచ్చినావు" అంది.

తర్వాత వంటింట్లోకి వచ్చి నా ముందు గిన్నెలు అటూ ఇటూ జరిపింది. "నువ్వు మొదట్లోనే సెప్పినావు దీదీ, అసలోల్లు వత్తే ఇచ్చీయాలని. అప్పుడు ఊఁ అన్నాను. ఇప్పుడు ఆ ఊఁ రానంటంది" అంది. నేను పక్కన నిలబడి గిన్నెలు అందించాను.

"పో" అనడం ఎలా

తాతారావు సెలవు దొరికినప్పుడల్లా రంగత్ నుంచి వచ్చేవాడు. జిర్కాటాంగ్ దగ్గర అడవి దాటించే పోలీసు కాన్వాయ్, బల్లకట్లు, బస్సులు, అన్నీ దాటుకుని వచ్చి వీధి గట్టు మీద కూర్చునేవాడు. రత్నం కిటికీలోంచి చూసేది. అతనికి ఆటలు రావు, కబుర్లు రావు. వచ్చేటప్పుడు చేపలు మాత్రం తెచ్చేవాడు. ఒకసారి పెరట్లో కూర్చుని అవి బాగుచేస్తుంటే, రత్నం వచ్చి దూరంగా నిలబడింది.

"యే కౌన్ సా? సుర్మై?" అని అడిగింది, ఒక చేపను చూపించి. పిల్లలందరికీ బజారు హిందీ పేర్లే తెలుసు.

"మనం వంజరం అంటాం."

"ఇది?"

"కానాగడత."

"కాదు. ఇదీ వంజరమే" అంది, కావాలనే.

తాతారావు ఆ చేపను ఎత్తి అన్నివైపులా తిప్పి చూసి, "అయితే నన్ను మోసం సేసి ఇచ్చినాడు ఆ అమ్మినోడు" అన్నాడు. రత్నం పకపకా నవ్వింది. ఆ తర్వాత అదో ఆట అయింది. అతను తెచ్చిన ప్రతి చేపకూ అది తప్పు పేరు పెట్టేది, అతను ఒప్పుకునేవాడు. పాత బంధం తిరిగి రాలేదు. అక్కడ, ఆ పొలుసుల మధ్య, కొత్తది మొదలైంది. అదే నయం.

కానీ అతనితో బజారు దాకా వెళ్ళమంటే వెళ్ళేది కాదు. ఒకరోజు నేను దగ్గరుండి గమనించాను. రత్నం గుమ్మం దాటే ముందు వెనక్కి తిరిగి బంగారమ్మ ముఖం చూస్తోంది. బంగారమ్మ నోటితో "పో, నాన్నతో ఎల్లు" అంటోంది, ముఖం మాత్రం వద్దంటోంది. పిల్లలు ముఖాన్నే చదువుతారు. ఆ మాటే బంగారమ్మకు చెప్పాను.

"అయితే మొహానికి కూడా నేర్పాలేటి?" అంది.

నేర్పింది. వారం తర్వాత తాతారావు వచ్చినప్పుడు, అతన్ని అందరి ముందూ మెచ్చుకోవడం మొదలుపెట్టింది. "మీ నాన్నలా సేప కోసేవోడు ఈ ద్వీపాల్లో లేడు. బజారుకెళ్ళి నాకు మంచి సేప ఏరి తీసుకురండి ఇద్దరూ. తప్పుడుది తెత్తే ఇద్దర్నీ తంతాను." ఆ కోప్పడటంలో మామూలు బంగారమ్మ కనిపించింది. రత్నం వెనక్కి చూడకుండా తండ్రి వెంట వెళ్ళింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆవిడ నవ్వు ముఖంతోనే నిలబడింది. మలుపు తిరిగాక నాకు కనిపించకుండా లోపలికి వెళ్ళిపోయింది. నా ఉద్యోగంలో అంతకంటే కష్టమైన పని ఎవరూ చెయ్యగా నేను చూడలేదు.

ముందు బజారు, తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో ఒక పూట, తర్వాత బంగారమ్మతో కలిసి రంగత్‌లో కొన్ని రోజులు. అలా అలా, మరుసటి ఏడు బడి తెరిచే వేళకు రత్నం రంగత్ మారింది. తాతారావు బోటు పని మాని, రేవు దగ్గర ఐసు కర్మాగారంలో పగటి పనికి కుదిరాడు. బంగారమ్మ వాళ్ళతో వెళ్ళి, రెండు వారాలుండి, పొయ్యి ఎక్కడ ఉండాలో, జడ ఎలా వెయ్యాలో తండ్రికి నేర్పి వచ్చింది. జడ అతనికి వంకరగానే వచ్చేదట.

అప్పుడు మా ఆఫీసులో కొందరన్నారు, "ఇక ఆ పాత ఇంటివాళ్ళు కలవకపోతేనే మంచిది, పిల్ల మర్చిపోయి అలవాటు పడుతుంది." ఈ వృత్తిలో నేను విన్న వాటిలో ఇంత పనికిరాని సలహా మరొకటి లేదు. మర్చిపోవడం రత్నానికి ముందే వచ్చు, క్యాంపులో ఎవరిని పడితే వాళ్ళను అమ్మా అన్నప్పుడు అది చేసింది అదే. మనం నేర్పవలసింది, మనుషులు దూరం వెళ్ళినా పోరని. అందుకే ప్రతి ఆదివారం ఫోను, ప్రతి సెలవులకూ తుష్నాబాద్ అని మాట్లాడుకుని పెట్టాం. ఫైలు మూసేశాక కూడా అది ఆగలేదు.

బస్సెక్కి వచ్చేసింది

ఏళ్ళు గడిచాయి. నా రిటైర్మెంటు దగ్గర పడింది. రత్నం రంగత్‌లో తొమ్మిదో తరగతికి వచ్చింది. ఒకరోజు పొద్దుటే బంగారమ్మ ఫోను.

"దీదీ, నీ గుంట నిన్న సాయంత్రం దిగిపోనాది. ఒక్కర్తే. ఫెరార్‌గంజ్‌లో బస్సు మారి మరీ వచ్చీసింది. సంచీ సర్దుకుని."

"తాతారావుకు చెప్పావా?"

"రాత్రే సెప్పీసినాను. ఆడు దారిలో ఉన్నాడు. నువ్వు కూడా రా, సేపల పులుసెట్టినాను."

వెళ్ళేసరికి రత్నం పెరట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తండ్రిలాగే సన్నగా, పొడుగ్గా అయింది. ఏమైందని అడిగితే కోపం కట్టలు తెంచుకుంది.

"నాన్న బిల్‌కుల్ వినటం లేదు దీదీ! బడిలో నౌకాదళం ఎన్‌సీసీ పెట్టినారు. అందరూ బోటు ట్రైనింగుకి పోతన్నారు. నాన్న సంతకం పెట్టడంట. సముద్రం జోలికి పోవద్దంట. ఆయన పుట్టిందీ పెరిగిందీ బోటు మీదే కదా! నేను మాత్రం ఇంట్లో కూకోవాలా?"

"మరి ఎందుకు వద్దంటున్నాడో అడిగావా?"

"తెలుసు నాకు" అంది, తల దించుకుని. "అమ్మ గురించి. అందుకే గట్టిగా అరవలేకపోయాను. అరవలేకే ఇక్కడికి వచ్చీసినాను."

బంగారమ్మ వంటింట్లోంచే కేకేసింది: "ఇక్కడ అరుసుకో. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా. నాను కూడా అరుత్తాను."

మధ్యాహ్నానికి తాతారావు వచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాడు. సింహాద్రి మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కకు తప్పుకున్నాడు. కూతురు పీట మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. అతను కూతుర్ని చూడకుండా బంగారమ్మతో అన్నాడు:

"దానికి సెప్పు అక్కా, ముందు ఈత రావాలని. ఈత నానే నేర్పుతాను. నాకు నమ్మకం కుదిరాకే సంతకం."

"ఎదురుగానే ఉంది కదా, నువ్వే సెప్పు."

"పెద్దమ్మా, అలాగైతే సరేనని చెప్పు. కానీ ఈ నెల్లోనే మొదలెట్టాలి" అంది రత్నం, గోడతో.

"నెల్లోనేనంట" అంది బంగారమ్మ తాతారావుతో, అతనికి వినపడనట్టు.

"సరేనను."

నేను నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. బేరం కుదిరిపోయింది. తాతారావు చెప్పులు విప్పి, గట్టు మీద కూలబడి, మొదటిసారి నేరుగా కూతురి వంక చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతులో మాత్రం కోపం పోలేదు.

"అంత దూరం ఒక్కదానివీ బస్సెక్కి వచ్చీసినావు. నాతో గొడవైతే ఇక్కడికే రావాలా?"

రత్నం నోరు తెరిచేలోపే బంగారమ్మ కంచం తెచ్చి అతని ముందు పెట్టింది.

"మరెక్కడికి పోద్ది?" అంది. "కాళ్ళు కడుక్కో, అన్నం సల్లారిపోతంది."